నోటు తిరగరాయడం నుంచి బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ దాకా: మన డెల్టా అప్పుల కథ

ఈ ఎపిసోడ్ క్రెడిట్ కార్డు గురించే, కానీ మనం కాస్త వెనక్కి, 1930ల్లోకి వెళ్లి రావాలి. ఒక కార్డు మీదున్న బాకీని ఇంకో కార్డుకి మార్చేసి, కొన్నాళ్లు వడ్డీ లేకుండా కట్టుకోవడం. దీన్నే బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అంటున్నారు. యాప్‌లో చూస్తే మొన్నమొన్న కనిపెట్టిన ఫీచర్‌లా ఉంటుంది. కానీ మన అమృతలూరు, తెనాలి, రేపల్లె వైపు ముత్తాతల కాలంలోనే ఈ పని జరిగింది. అప్పు ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి మారినప్పుడు అసలంటే ఏది అన్న ప్రశ్న తేల్చడానికి మద్రాసు ప్రభుత్వానికి ఒక చట్టం సరిపోలేదు. పదేళ్ల తర్వాత సవరణ కూడా చేయాల్సి వచ్చింది. ఆ సవరణలో ఒక వాక్యం ఉంది. ఈ వీడియో దానికోసమే.

ముందు ఊరి సంగతి. విజయవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలవలు పారాయి, వరి పండింది, ఎకరం ధర పెరిగింది. భూమికి ధర వస్తే ఇంకోటి కూడా వస్తుంది: అప్పు పుడుతుంది. మెట్ట రైతుకి తిరిగినా పుట్టని అప్పు డెల్టా రైతుకి కూర్చున్నచోట పుట్టేది, ఎందుకంటే వెనకాల మాగాణి ఉంది. ఇచ్చేవాళ్లు అందరూ ఎక్కడినుంచో వచ్చిన షావుకార్లు అనుకోకండి. కోస్తాలో అప్పులిచ్చినవాళ్లలో చాలామంది అదే ఊరి పెద్ద రైతులు. పెళ్లికి, పొలం కొనడానికి, కోర్టు ఖర్చుకి, వీళ్ల దగ్గరే ప్రోనోటు రాసేవాళ్లు. వడ్డీ శాతాల్లో చెప్పే అలవాటు మనకి ఇప్పటికీ లేదు కదా, రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అంటాం. రూపాయి వడ్డీ అంటే నెలకి నూటికి రూపాయి, ఏడాదికి 12 శాతం.

ఇప్పుడు అసలు మెకానిజం చూద్దాం. ప్రోనోటుకి మూడేళ్లు గడువు. ఆలోపు చెల్లు వేయకపోతే, దావా వేయకపోతే, కాలదోషం పడుతుంది. అందుకని మూడేళ్లు నిండేలోపు నోటు తిరగరాస్తారు. లెక్క కోసం ఒక రైతు 1928లో రూపాయి వడ్డీకి 500 తీసుకున్నాడు అనుకుందాం. పైసా కట్టలేదు. 1931లో వడ్డీ 180 అయింది. పాత నోటు చించేసి 680కి కొత్త నోటు. 1934లో అది 924 దాటింది, ఇంకో నోటు. 1937లో 1,257. ప్రతి నోటు మీదా ఉన్నది మామూలు వడ్డీయే, చక్రవడ్డీ అనే మాట ఎక్కడా ఉండదు. కానీ తిరగరాసిన ప్రతిసారీ వడ్డీ వెళ్లి అసల్లో కూర్చుంటోంది. కోడింగ్ చేసేవాళ్లకి చెప్పాలంటే, లూప్ తిరిగిన ప్రతిసారీ అదే వేరియబుల్‌ని ఓవర్‌రైట్ చేస్తున్నాం, పాత విలువ ఎక్కడా లాగ్ అవ్వట్లేదు.

దీనికి తోడు 1929 తర్వాత ప్రపంచమంతా మాంద్యం. మద్రాసు రాష్ట్రంలో వడ్ల ధర దాదాపు సగానికి పడింది. నోటు మీద అంకె మాత్రం పడలేదు. అంటే అదే అప్పు తీర్చడానికి రెట్టింపు బస్తాలు కావాలి. రాష్ట్రం మొత్తం రైతుల అప్పు 150 కోట్లని 1930లో బ్యాంకింగ్ విచారణ సంఘం అంచనా వేస్తే, 1935లో సత్యనాథన్ నివేదిక దాన్ని 200 కోట్లంది. మన పక్కనే నిడుబ్రోలు నుంచి వచ్చిన ఆచార్య ఎన్.జి. రంగా రైతుల అప్పుల మీద గొంతెత్తింది ఈ కాలంలోనే.

అప్పుడున్న దారుల్లో ఒకటి అచ్చంగా బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫరే. 1929లో మద్రాసులో సహకార కేంద్ర భూమి తనఖా బ్యాంకు పెట్టారు. డిబెంచర్లు అమ్మి డబ్బు తెచ్చి, కింది ప్రాథమిక బ్యాంకుల ద్వారా రైతుకి దీర్ఘకాలం అప్పిచ్చేవాళ్లు. బావి తవ్వడానికి, ఎద్దులు కొనడానికి అనుకుంటున్నారేమో. అప్పట్లో ఆ అప్పుల్లో ఎక్కువ భాగం పాత అప్పులు తీర్చడానికే! ఖరీదైన నోటు తీసేసి, తక్కువ వడ్డీ తనఖాలోకి మారడం, వాయిదాల్లో ఏళ్ల తరబడి కట్టడం. నా దృష్టిలో ఇది మంచి ఆలోచన. కాకపోతే పొలం, దస్తావేజులు శుభ్రంగా ఉన్నవాడికే దొరికేది. కౌలు రైతుకి ఆ తలుపు తెరుచుకోలేదు.

1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చింది. 1938 మార్చి 22న మద్రాసు వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం అమల్లోకి వచ్చింది. ఇందులో ఏముందో వింటే ఇప్పటివాళ్లకి నమ్మబుద్ధి కాదు. 1932 అక్టోబర్ 1కి ముందు చేసిన అప్పయితే, 1937 అక్టోబర్ 1 నాటికి పేరుకున్న వడ్డీ మొత్తం రద్దు, అసలు కడితే చాలు. అసలుకి రెట్టింపు అప్పటికే కట్టేసి ఉంటే అప్పే తీరిపోయినట్టు. ఆ తేదీ తర్వాత చేసిన అప్పయితే వడ్డీ 5 శాతం చొప్పున లెక్కగట్టాలి. చట్టం వచ్చాక కొత్తగా ఇచ్చేదానికి ఆరుంపావు శాతం మించకూడదు.

మరి అసలంటే ఏది? మన రైతు చేతిలో ఉన్నది 1937 నాటి 1,257 రూపాయల నోటు. చట్టం రాసినవాళ్లు ఈ చిక్కు ముందే చూశారు. అదే రుణదాతకి నోటు తిరగరాసి ఉంటే, మొట్టమొదట ఇచ్చిన డబ్బు, ఆ తర్వాత నిజంగా చేతికిచ్చిన డబ్బు, ఇవి మాత్రమే అసలు అని వివరణ పెట్టారు. అంటే మళ్లీ 500. అద్భుతం కదా?

కానీ "అదే రుణదాత" అన్న మాట దగ్గర ఆగండి. మన రైతు 1934లో ఇంకో ఆసామి దగ్గర 924 తీసుకుని మొదటివాడికి కట్టేశాడు అనుకోండి. ఇప్పుడు ఇది కొత్త ఆసామికి రాసిన కొత్త అప్పు, పైగా 1932 తర్వాతది. దాని అసలు 924. అందులో 424 వడ్డీ అన్న సంగతి చట్టానికి కనపడదు. ఇంకో తమాషా, అంటే ఏడుపొచ్చే తమాషా: సహకార సంఘాలకి, భూమి తనఖా బ్యాంకులకి ఉన్న బాకీలని ఈ చట్టం నుంచి మినహాయించారు. బుద్ధిగా తక్కువ వడ్డీకి మారినవాడికి మాఫీ లేదు, మారకుండా కూర్చున్నవాడికి ఉంది. డిబెంచర్లు కొన్నవాళ్ల డబ్బు పోకూడదు, సంఘాలు కూలకూడదు అన్న కారణం నాకు అర్థమవుతుంది. అయినా ఆ రైతు కోణంలో చూస్తే అన్యాయమే.

1948లో చట్టాన్ని సవరించారు. నేను మొదట్లో చెప్పిన వాక్యం ఇక్కడుంది. అప్పుని తిరగరాసినా, కొత్త పత్రంలో కలిపినా, బాకీదారు మారినా మారకపోయినా, రుణదాత మారినా మారకపోయినా, మొదట ఇచ్చినదీ తర్వాత అసలుగా ఇచ్చినదీ మాత్రమే అసలు. ఎన్ని చేతులు మారినా అప్పు పుట్టుక దాకా వెనక్కి వెళ్లి చూడొచ్చు అన్నమాట.

ఇక ఫాస్ట్‌గా మన కాలానికి. 1990ల మొదట్లో అమెరికాలో, వర్జీనియాలోని సిగ్నెట్ బ్యాంకులో రిచర్డ్ ఫెయిర్‌బ్యాంక్, నైజెల్ మోరిస్ అనే ఇద్దరు డేటా చూసి ఒక ఆఫర్ తయారు చేశారు. వేరే కార్డు బాకీ మాకు మార్చండి, కొన్నాళ్లు తక్కువ వడ్డీ అని. అది బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ కార్డుల విభాగమే తర్వాత క్యాపిటల్ వన్ అయింది. సున్నా శాతం ఆఫర్లు ఆ దారిలోనే వచ్చాయి.

మన దగ్గర ఇప్పుడు? కార్డు వడ్డీ నెలకి మూడున్నర శాతం, కొన్ని కార్డుల్లో ఇంకా ఎక్కువ కూడా ఉంటుంది, అంటే ఊరి భాషలో మూడున్నర రూపాయల వడ్డీ. 1938 నాటి ఆరుంపావు ఏడాదికి, ఇది నెలకి! బ్యాంకుల వడ్డీ ఎక్కువగా ఉందన్న కారణంతో కోర్టులు పాత లెక్క తిరగదోడకూడదని 1984లో బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలో 21ఎ సెక్షన్ చేర్చారు. కార్డు బాకీ మీద 30 శాతం మించి వసూలు చేయకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ అంటే, 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. కట్టని ఫీజుల్ని, పన్నుల్ని అసల్లో కలిపి వాటి మీద వడ్డీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు పెట్టిన రూలు 2022 అక్టోబర్ నుంచి ఉంది, అది మంచిదే. కానీ అది ఒక కార్డు లోపలి లెక్క. బాకీ ఇంకో కార్డుకి మారితే మొత్తం అంకె అసలైపోతుంది.

లెక్క చూడండి. 60,000 బాకీ, అందులో 42,000 మీరు కొన్నవి, 18,000 వడ్డీ, ఫీజులు. పాత కార్డులోనే ఉంచితే నెలకి మూడున్నర చొప్పున 2,100, జీఎస్టీతో 2,478. రెండు నెలలకి దాదాపు 5,000. అరవై రోజులు సున్నా వడ్డీ, రెండు శాతం ప్రాసెసింగ్ ఫీజు ఉన్న ఆఫర్‌కి మారితే ఫీజు 1,200, జీఎస్టీతో 1,416. ఆ అరవై రోజుల్లో తీర్చగలిగితే మూడున్నర వేలు మిగిలినట్టే, మారండి. తీర్చలేకపోతే అరవై ఒకటో రోజు నుంచి 60,000 మీద కొత్త కార్డు మామూలు వడ్డీ మొదలు. చాలా కార్డుల్లో ఈ బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడా ఉండదు, కాబట్టి ఆ కార్డుతో ఏమీ కొనకండి. దాన్ని మూడో కార్డుకి మార్చడమంటే నోటు మూడోసారి తిరగరాయడమే.

పాత కార్డు క్లోజ్ చేసేముందు స్టేట్‌మెంట్లన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. అందులో ఏది 42,000, ఏది 18,000 అన్నది ఉంటుంది. కొత్త కార్డు స్టేట్‌మెంట్‌లో మాత్రం ఒకే లైన్ కనిపిస్తుంది: 60,000.