గట్టెక్కని జీపు

పట్టిసం రేవు దాటేదాకా జీపుకు ఏ రోగమూ లేదు. కొవ్వూరులో ఎక్కారు మీరు. తాళ్లపూడి, గూటాల మీదుగా ఏటిగట్టు రోడ్డు. కుడిచేతి పక్క గోదావరి, ఏటి మధ్య కొండ మీద వీరభద్రుడి గుడి. పాత మహీంద్రా డీఐ జీపు, డ్రైవరు పక్క సీటు. గేరు మార్చినప్పుడల్లా రాడ్డు మీ మోకాలికి తగులుతోంది. వెనక ఎరువుల బస్తాలు, వాటి మీద నలుగురు మనుషులు, చివర్లో చేతిలో రెంచీల సంచితో ముసలి మేస్త్రీ.

బస్తాలు ఎక్కించమన్నది ఆయనే. "ఖాళీ బండి అబద్ధం చెబుతుందండి. బరువేస్తేనే నిజం బయటికొస్తుంది" అన్నాడు కొవ్వూరులోనే.

జీపు కథ దారిలో డ్రైవరు చెప్పాడు. ఇరవై, ముప్ఫై కిలోమీటర్లు నిక్షేపంగా పరిగెడుతుంది. ఎత్తు తగిలితే పుల్లింగ్ పోతుంది. పక్కన ఆపి బీడీ కాల్చేంతసేపు ఊరుకుంటే మళ్లీ మామూలే. షెడ్డుకు తీసుకెళ్తే అక్కడ ఏమీ చెయ్యదు. ఫిల్టర్లు మార్చారు, నాజిళ్లు మార్చారు, నాజిళ్లకు డీజిల్ తోసే మైకో పంపు విప్పి కాలిబ్రేషన్ చేశారు. పంపు డబ్బుల కోసం ఇంట్లో బంగారం బ్యాంకుకు వెళ్లింది. జబ్బు మాత్రం బండిలోనే ఉండిపోయింది.

పోలవరం ఊరు దాటి ప్రాజెక్టు వైపు కొండదారి మొదలైంది. ఎదురుగా టిప్పర్లు వరసకట్టి దిగుతున్నాయి, ఎర్రమట్టి దుమ్ము మీ పళ్ల మధ్య కరకరలాడుతోంది. థర్డ్ గేరు. సగం ఎత్తు ఎక్కేసరికి మీ కాళ్ల కింద శబ్దం మారింది. ఇంజను అదురు పలచబడింది. డ్రైవరు కాలు అడుగుదాకా నొక్కే ఉంది, బండి మాత్రం నెమ్మదిస్తోంది. సెకండ్ గేరు. అయినా అంతే.

"ఇదిగో బాబాయ్, మొదలెట్టేసింది!"

"కాలు తియ్యకురా. అలాగే తొక్కి ఉంచు. పొగ చూడనీ."

మేస్త్రీ వెనక్కి వంగి సైలెన్సరు వైపు చూస్తున్నాడు. మీరూ తల తిప్పి చూడండి. నల్లపొగ లేదు, తెల్లపొగా లేదు. వేడిగాలి సన్నగా వణుకుతూ పోతోంది, అంతే.

రోగం సగం అక్కడే తేలిపోయింది. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించిన ఇంజనుకూ ఈ 2523 సీసీ ఇంజనుకూ సూత్రం ఒక్కటే. గాలిని బాగా నొక్కి వేడెక్కించి, అందులోకి నూనె వదలడం. స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలి తక్కువై డీజిల్ ఎక్కువైతే నల్లపొగ వస్తుంది. ఇక్కడి టిప్పర్ల దుమ్ముకు ఎయిర్ క్లీనర్ పూడుకుపోయిన బండ్లు అలాగే పొగలు కక్కుతాయి. డీజిల్ పడినా సరిగా కాలకపోతే తెల్లపొగ. కాలు అడుగుదాకా నొక్కినా పొగే లేదంటే, కాలడానికి అసలు డీజిలే అందడం లేదని అర్థం. గాలికి కొరత లేదు, ఆకలి నూనెదే.

జీపు పక్కకు తీయించి, ఇంజను ఆపకుండానే మేస్త్రీ దిగాడు. నేరుగా ట్యాంకు మూత దగ్గరికి వెళ్లి మిమ్మల్ని కూడా పిలిచాడు. "చెవి పెట్టి వినండి." మూత మెల్లగా తిప్పాడు. ఏ చప్పుడూ లేదు. మూతకు గాలి లోపలికి పోయే చిన్న దారి ఉంటుంది. అది మూసుకుపోతే, డీజిల్ తగ్గినకొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి పంపుతో పోటీగా వెనక్కి లాగుతుంది. అప్పుడు మూత తీయగానే హుస్సుమని గాలి లోపలికి దూరుతుంది. ఇక్కడ ఆ చప్పుడు రాలేదు కాబట్టి మూత మీద అనుమానం తీరిపోయింది.

తర్వాత బానెట్ ఎత్తాడు. పొద్దున బయలుదేరే ముందే, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మూతి దగ్గర రబ్బరు పైపు తీసేసి మెత్తటి పారదర్శక పైపు ముక్క బిగించాడాయన. ఇప్పుడు దాన్ని మీకు చూపిస్తున్నాడు. అందులో బుడగలు లేవు. ఉంటే ఏదో జాయింటు దగ్గర గాలి పట్టిందనీ, రాగి వాషరో పైపు పగులో చూసుకోవాలనీ లెక్క. బుడగలకు బదులు ఇంకోటి కనిపించింది. పైపు గుండ్రంగా లేదు, రెండు పక్కలా నొక్కుకుపోయి చప్పిడిగా ఉంది. ఫీడ్ పంపు గట్టిగా పీలుస్తోంది, వెనక నుంచి డీజిల్ రావడం లేదు.

"ఇంజన్ ఆపు" అన్నాడు. ఆపాడు. మీరు చూస్తుండగానే పైపు మెల్లగా ఉబ్బి గుండ్రంగా అయింది. కాసేపటికి స్టార్టు చేస్తే మామూలుగా పలికింది. నెలల తరబడి ఆ డ్రైవరును ఏడిపించిన జబ్బు, రావడమూ పోవడమూ రెండూ, మీ కళ్ల ముందే జానెడు పైపులో జరిగాయి.

మేస్త్రీ పట్టిసం వైపు చెయ్యి చూపించాడు. "అక్కడ ఎత్తిపోతలకి 24 పంపులున్నాయండి. ఎంత పెద్ద పంపైనా, నీళ్లొచ్చే దారికి అడ్డం పడితే ఏం తోడుతుంది? ఇదీ అంతే."

అయినా ఆయన అంతటితో సరిపెట్టుకోలేదు. అడ్డం ట్యాంకులోనే ఉందని రుజువు కావాలి. ఐదు లీటర్ల డబ్బాలో కొత్త డీజిల్ పోసి, బానెట్ పక్కన సైలెన్సరుకు దూరంగా తాడుతో బిగించి కట్టాడు. ఫీడ్ పంపుకు వెళ్లే పైపు అందులో ముంచాడు. రిటర్న్ పైపునూ అందులోకే వదిలాడు, లేకపోతే మిగిలిన డీజిల్ ట్యాంకులోకి పోయి డబ్బా తొందరగా ఖాళీ అవుతుంది. ఫిల్టరు మీద గాలి తీసే స్క్రూ వదులు చేసి ప్రైమర్ కొట్టాడు. ముందు నురగ వచ్చింది, ఆ తర్వాత బుడగ లేని ధార. స్క్రూ బిగించేశాడు. ఈ పని పెట్రోలు బండికి ఎప్పుడూ చెయ్యకూడదు, వేడి ఇంజను పక్కన బయట పెట్రోలు అంటే మంటే.

కొండ కింది దాకా వెనక్కి దిగారు. అవే బస్తాలు, ఆ మనుషులే, అదే థర్డ్ గేరు. ఇందాక నీరసపడ్డ మలుపు వచ్చింది. ఇంజను ఒక్క మాట తడబడకుండా ఎక్కేసింది. పై నుంచి స్పిల్‌వే 48 గేట్లూ కనిపిస్తున్నాయి. డ్రైవరు మాత్రం అటు చూడటం లేదు, డబ్బా వంక చూస్తున్నాడు. పంపు బాగుంది. నాజిళ్లు బాగున్నాయి. బహుశా మొదటి నుంచీ బాగానే ఉన్నాయి.

మధ్యాహ్నం పోలవరంలో ఓ చెట్టు కింద ట్యాంకు దించారు. అడుగు డీజిల్ పళ్లెంలో పోస్తే కింద నీళ్లు వేరుపడ్డాయి, వాటి మీద గోధుమరంగు జిగురు, అడుగున తుప్పు పెచ్చులు. డీజిల్‌కూ నీళ్లకూ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, ఆ జిగురు వాటి పనే. ఇంజను ఎక్కువ డీజిల్ లాగినప్పుడు ఆ తెట్టు పోయి పైపు మూతికి అతుక్కునేది. ఆపగానే లాగుడు పోయి రాలిపడేది. అందుకే ఎత్తులో పట్టేసేది, కాసేపు ఆపితే వదిలేసేది.

నీళ్లెలా వచ్చాయంటే డ్రైవరు 2022 జూలై వరద గుర్తు చేసుకున్నాడు. భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరిన వరద అది. ఆ రోజుల్లో బంకులకు వెళ్లే దారి లేక, వానలో బయటున్న డ్రమ్ముల డీజిల్ పోసుకుని మనుషుల్ని చేరవేశాడట. ఆ నీళ్లే ఈ నీళ్లని ఎవరూ ఒట్టేసి చెప్పలేరు. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లదనానికి పట్టే చెమ్మ కూడా ఏళ్ల మీద పోగవుతుంది.

కొత్త కామన్ రైల్ బండ్లలో ప్రెషరు పడిపోతే కంప్యూటరు రాసి పెట్టుకుంటుంది, తర్వాత స్కానరు తగిలించినా చదవొచ్చు. ఈ జీపుకు ఆ జ్ఞాపకం లేదు. వచ్చిపోయే జబ్బును వచ్చిన క్షణంలోనే పట్టుకోవాలి. దానికి మెకానిక్కు బండెక్కి వెంట రావాలి, బరువేయాలి, ఓపిక పట్టాలి. 'ఈ పార్టు మార్చి చూద్దాం' అనేది నా దృష్టిలో వైద్యం కాదు. ఆ ఊహకు డబ్బు కట్టేది ఈ ఏటిగట్టు మీద రోజు కిరాయి మీద బతికే మనిషి.

ట్యాంకులో గొలుసు ముక్క వేసి ఊపి తుప్పు రాల్చారు. డీజిల్‌తోనే కడిగి, ఆరబెట్టి, కొత్త రాగి వాషర్లతో బిగించారు. సాయంత్రం మళ్లీ అవే బస్తాలతో అదే కొండ ఎక్కించాకే మేస్త్రీ రెంచీలు సంచిలో పెట్టుకున్నాడు. పంపు విప్పినదానికి అయిన ఖర్చులో ఈ పని పదో వంతు కూడా కాలేదు.

పాత డీజిల్ బండి నడుపుకునేవాళ్లకు ఒక్కటే మనవి. పుల్లింగ్ వచ్చిపోతూ ఉంటే, ముందు పొగ చూడండి, ట్యాంకు మూత తీసి వినండి, డబ్బా కట్టించి అదే ఎత్తు ఎక్కించండి. ఎక్కేసిందా, పంపు మీద చెయ్యి వెయ్యనివ్వకండి.