కర్లింగ్ ఐరన్: జుట్టుకు ఎంత వేడి?

జుట్టు వంకీలు తిప్పే పరికరాలు కొత్తవేమీ కాదు. పారిస్‌కు చెందిన మార్సెల్ గ్రాటో 1870లలో వేడిచేసిన పటకారుతో అలల్లాంటి జుట్టును ఫ్యాషన్‌గా మార్చాడు. అప్పట్లో వేడి ఎంతుందో తెలియడానికి పటకారును కాగితానికి ఆనించి చూసేవారు. కాగితం మాడితే చల్లారేదాకా ఆగేవారు. ఇప్పుడు ఆ పని థర్మోస్టాట్ చేస్తోంది, అదీ అన్ని మోడళ్లలో ఉండదు. ఆన్, ఆఫ్ బటన్ తప్ప మరేమీ లేని చౌక పరికరాన్ని కొనకపోవడమే మంచిది.

జుట్టు కెరాటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. వేడి తగిలితే అందులోని హైడ్రోజన్ బంధాలు విడిపోయి, చల్లారేటప్పుడు కొత్త ఆకారంలో మళ్లీ ఏర్పడతాయి. అందుకే వంకీ తిప్పిన వెంటనే దువ్వకూడదు, పూర్తిగా చల్లారనివ్వాలి. ఈ బంధాలు తేమకు కూడా విడిపోతాయి. విశాఖలో పొద్దున వేసుకున్న కర్ల్స్ సాయంత్రం రిసెప్షన్‌కు జారిపోవడానికి కారణం ఉక్కపోతే తప్ప ఐరన్ నాణ్యత కాదు.

సన్నటి జుట్టుకు, రంగు వేసిన జుట్టుకు 150 డిగ్రీల సెల్సియస్ లోపు సరిపోతుంది. మామూలు జుట్టుకు 180 వరకు, బాగా మందంగా ఉంటే 200 వరకు వెళ్లవచ్చు. చాలా పరికరాల్లో 230 దాకా ఉంటుంది గానీ, ఆ దరిదాపుల్లో కెరాటిన్ నిర్మాణమే దెబ్బతింటుంది. తడి జుట్టుపై ఐరన్ పెడితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు ఏర్పడతాయి, అక్కడే అది తెగుతుంది. తలకు నూనె పెట్టుకుని ఇస్త్రీ చేయడం కూడా మంచిది కాదు. హీట్ ప్రొటెక్టెంట్ నష్టాన్ని తగ్గిస్తుందే తప్ప ఆపదు.

కడ్డీ లావు 19 మిల్లీమీటర్లయితే బిగువైన రింగులు, 32 అయితే వదులు అలలు వస్తాయి. మొదటిసారి కొనేవారికి 25 అనుకూలం. సెరామిక్ పూత వేడిని సమంగా పంచుతుంది. టైటానియం త్వరగా వేడెక్కుతుంది, చేయి తిరిగినవారికే అది నయం.

అమెరికా నుంచి బంధువులు తెచ్చే పరికరాల విషయంలో మరో చిక్కు ఉంది. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే గానీ వోల్టేజీని కాదు. 120 వోల్టులకే తయారైన ఐరన్‌ను ఇక్కడ పెడితే దాదాపు నాలుగు రెట్ల విద్యుత్తు లాగి నిమిషాల్లో కాలిపోవచ్చు. పెట్టె మీద కాదు, పరికరం మీదే 100-240 వోల్టులని ఉందేమో చూడాలి. ఇక్కడి ఐరన్‌ను అక్కడికి తీసుకెళ్తే సరిగా వేడెక్కదు.

దానంతట అదే ఆగిపోయే సదుపాయం ఉన్నది తీసుకుంటే మేలు. పెళ్లి హడావుడిలో ప్లగ్ తీయడం మరిచిపోవడం మామూలే. మెడ, చెవి దగ్గర కాలితే ఇరవై నిమిషాలు చల్లటి కుళాయి నీటి ధార కింద ఉంచాలి. ఐస్ గానీ, మన ఇళ్లలో ముందుగా గుర్తొచ్చే టూత్‌పేస్ట్ గానీ పెట్టకూడదు.