అనంతపురం జిల్లా నియోజకవర్గాల పునర్విభజన (2008)

2001 జనాభా లెక్కల ఆధారంగా జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ జరిపిన పునర్విభజన 2009 ఎన్నికల్లో అమలైంది. కరవు సీమ అనంతపురం జిల్లాలో సీట్లు 14గానే ఉన్నా, సరిహద్దులు మారాయి. గోరంట్ల, నల్లమాడ, గుత్తి రద్దయి రాప్తాడు, పుట్టపర్తి, గుంతకల్లు ఏర్పడ్డాయి. మడకశిర ఎస్సీ రిజర్వుడు కాగా, కళ్యాణదుర్గం జనరల్ అయింది. దీంతో మడకశిర ఎమ్మెల్యే ఎన్.రఘువీరారెడ్డి (కాంగ్రెస్) కళ్యాణదుర్గానికి, పెనుకొండ ఎమ్మెల్యే పరిటాల సునీత (తెదేపా) రాప్తాడుకు మారి గెలిచారు.

కొత్త హద్దులతో గెలిచిన కాంగ్రెస్‌లోనే తర్వాత చీలిక వచ్చింది. అధిష్ఠానాన్ని ధిక్కరించి జగన్ వైపు నిలిచిన కాపు రామచంద్రారెడ్డి (రాయదుర్గం), గురునాథరెడ్డి (అనంతపురం అర్బన్) 2011 డిసెంబరులో సొంత ప్రభుత్వంపై అవిశ్వాసానికి ఓటేసి అనర్హులయ్యారు. 2012 జూన్ ఉప ఎన్నికల్లో వైకాపా తరఫున ఇద్దరూ మళ్లీ గెలిచారు.