రాతప్రతి చేతబట్టిన రంగస్థలం

అమెరికాలో కొత్త నాటకాన్ని పఠనాల ద్వారా తీర్చిదిద్దే పద్ధతి స్థిరపడటంలో యూజీన్ ఓనీల్ థియేటర్ సెంటర్‌ది పెద్ద పాత్ర. కనెక్టికట్ రాష్ట్రంలోని వాటర్‌ఫర్డ్‌లో 1964లో జార్జ్ సి. వైట్ దీన్ని స్థాపించారు. మరుసటి ఏడాది నాటక రచయితల సదస్సు మొదలైంది. 1960ల చివరి నుంచి 1999 దాకా దాన్ని నడిపినవారు దర్శకుడు లాయిడ్ రిచర్డ్స్.

అక్కడ ఆడంబరమైన సెట్లు, దుస్తులు ఉండవు. కొద్ది రోజుల రిహార్సల్ తర్వాత నటులు రాతప్రతి చేతబట్టుకునే ప్రేక్షకుల ముందుకు వస్తారు. ఏ సంభాషణ పండిందో, ఏ రంగం సాగిందో రచయితకు అక్కడే తెలిసిపోతుంది. మరో ప్రదర్శనలోపు కోతలు, మార్పులు చేస్తాడు. తిరగరాసిన పేజీలు నటుల చేతికి వస్తాయి.

ఈ పద్ధతికి మంచి ఉదాహరణ ఆగస్ట్ విల్సన్. పలుమార్లు తిరస్కరణ ఎదురయ్యాక 1982లో ఆయన నాటకం ‘మా రెయినీస్ బ్లాక్ బాటమ్’ సదస్సుకు ఎంపికైంది. 1984లో యేల్ రెపర్టరీ థియేటర్‌లోనూ, అదే ఏడాది బ్రాడ్‌వేలోనూ ప్రదర్శితమైంది. 1983లో సదస్సులో చదివిన ఆయన మరో నాటకం ‘ఫెన్సెస్’ మొదట నాలుగు గంటలు దాటింది. కోతలు, సవరణల తర్వాత బ్రాడ్‌వేకు చేరిన ఆ నాటకానికి 1987లో పులిట్జర్ బహుమతి లభించింది.