1970 జనవరి 1న ఇంతమంది ఎలా పుట్టారు?

ఈ ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలుపెడతా. 2019, నా మొదటి ఉద్యోగం. ఒక స్కాలర్‌షిప్ సైట్‌కి పీహెచ్‌పీ కోడ్ రాసేవాణ్ని. ఒక స్టూడెంట్ ఫోన్ చేశాడు. "అన్నా, నాకు పద్దెనిమిదేళ్లు. మీ సైట్ నలభై తొమ్మిది అంటోంది, అర్హత లేదంటోంది. రేపే లాస్ట్ డేట్."

డేటాబేస్ తెరిచి చూస్తే నోట మాట రాలేదు. ముందు రోజు సాయంత్రం నేను ఒక్క లైన్ మార్చాను. అప్పటినుంచి వచ్చిన అప్లికేషన్లలో సగానికి పైగా పుట్టినరోజు ఒక్కటే: 1970 జనవరి 1!

అసలు ఆ తేదీ ఎక్కడిది? అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ వాళ్లు యునిక్స్ తయారుచేస్తున్న రోజులు. 1971 నాటి మాన్యువల్ ప్రకారం టైమ్‌ని 1971 జనవరి 1 నుంచి, సెకనులో అరవయ్యో వంతు చొప్పున లెక్కపెట్టేవారు. 32 బిట్లలో ఆ లెక్క రెండున్నరేళ్లు తిరక్కుండానే నిండిపోతుంది. అందుకే తర్వాత సెకన్లకు మారారు, ప్రారంభం 1970 జనవరి 1 అయింది. అంటే కంప్యూటర్‌కి అది సున్నా.

1995లో బయటికొచ్చిన పీహెచ్‌పీకి కూడా ఈ లెక్కే వారసత్వంగా వచ్చింది. దాంట్లో స్ట్ర్‌టుటైమ్ అనే ఫంక్షన్ రాతలో ఉన్న తేదీని సెకన్లుగా మారుస్తుంది. కానీ మధ్యలో స్లాష్ కనిపిస్తే అమెరికా పద్ధతి, ముందు నెల అనుకుంటుంది. ఆ అబ్బాయి కొట్టింది 15/08/2001. పదిహేనో నెల ఎక్కడుంది? ఫంక్షన్ "ఫాల్స్" అంది. నేను చెక్ చేయకుండా దాన్నే డేట్ ఫంక్షన్‌కి ఇచ్చా. ఫాల్స్ అంటే సున్నా, సున్నా అంటే 1970.

ఇంకా భయంకరమైంది 05/04/2001. ఏప్రిల్ 5 కాస్తా మే 4 అయిపోయింది, ఎర్రర్ లేదు, ఏమీ లేదు. 1970 వాళ్లు కనీసం కంటికి కనిపించారు. వీళ్లు కనిపించనే లేదు. అందరూ అప్‌లోడ్ చేసిన పదో తరగతి మెమోలు ఉన్నాయి కాబట్టి, రాత్రంతా కూర్చుని ఒక్కొక్కటీ సరిచేశాం. ఆ అబ్బాయి అప్లికేషన్ పొద్దున్నే వెళ్లింది.

ఇప్పుడు నేను పాటించేది ఇదీ. యూజర్ ఇచ్చిన తేదీ ఏ వరుసలో ఉందో క్రియేట్‌ఫ్రమ్‌ఫార్మాట్‌కి నేనే చెప్తా, అది ఊహించనక్కర్లేదు. ఫిబ్రవరి 31 ఇస్తే అది గప్‌చుప్‌గా మార్చికి జరిపేస్తుంది, కాబట్టి వార్నింగులు కూడా చూస్తా. డేటాబేస్‌లో ఏడాది-నెల-తేదీ వరుసలోనే పెడతా. పుట్టినరోజుకి డేట్ కాలమ్, టైమ్‌స్టాంప్ కాదు. మైఎస్‌క్యూఎల్ టైమ్‌స్టాంప్‌లో 1970కి ముందు పుట్టినవాళ్లకి చోటే లేదు. పైగా అది మన టైమ్ ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8:44:07కి ఆగిపోతుంది.

మీ కోడ్‌లో ఒకసారి 1970 అని వెతికి చూడండి. దొరికితే, అక్కడ ఒక మనిషి ఆగిపోయి ఉన్నాడని గుర్తుపెట్టుకోండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.