కోర్ డిపాజిట్

కోర్ డిపాజిట్ అంటే పునర్నిర్మించిన యంత్రభాగాన్ని కొనేటప్పుడు దాని ధరతో పాటు అదనంగా కట్టే సొమ్ము. చెడిపోయిన పాత భాగాన్ని అప్పగిస్తే ఈ సొమ్ము వాపసు వస్తుంది. ఆ పాత భాగాన్నే ‘కోర్’ అంటారు. అమెరికా, కెనడాల డీజిల్ విడిభాగాల వ్యాపారంలో ఇది స్థిరపడిన పద్ధతి.

ఇంజెక్షన్ పంపులు, ఇంజెక్టర్లు, టర్బోచార్జర్లు, సిలిండర్ హెడ్లు, స్టార్టర్లకు ఈ డిపాజిట్ ఎక్కువగా వర్తిస్తుంది. 1989–1993 నాటి డాడ్జ్ రామ్ ట్రక్కుల్లోని 5.9 లీటర్ల కమిన్స్ ఇంజన్‌కు వాడిన బాష్ వీఈ పంపు, 1994–2003 కాలపు ఫోర్డ్ 7.3 లీటర్ల పవర్ స్ట్రోక్ ఇంజెక్టర్లు ఇందుకు ఉదాహరణలు.

పునర్నిర్మాణంలో భాగాన్ని పూర్తిగా విప్పి, శుభ్రం చేసి, అరిగిన సీళ్లు, బేరింగులు మార్చి, టెస్ట్ బెంచ్‌పై పరీక్షిస్తారు. పాత ఇంజన్లకు కొత్త పోత భాగాలు దొరకడం కష్టం కాబట్టి, పాత భాగమే ఈ పరిశ్రమకు ముడిసరుకు. అది తుక్కు దుకాణానికి పోకుండా కాపాడేదే డిపాజిట్. క్యాటర్‌పిల్లర్ సంస్థ 1973లో ఈ రంగంలోకి వచ్చింది.

తిరిగిచ్చే భాగం అదే రకానిదై, విడదీయకుండా, పగుళ్లు లేకుండా ఉండాలి. ఇంధనం, నూనె వంపేసి, రసీదుతో గడువులోగా పంపాలి. లోపాలుంటే డిపాజిట్‌లో కోత పడవచ్చు, మొత్తం పోవచ్చు కూడా. కొనేముందే గడువు, రవాణా ఖర్చు, తనిఖీ నియమాలు తెలుసుకోవడం అవసరం. లోహాన్ని కరిగించి మళ్లీ పోతపోసే శ్రమ, ఇంధనం ఆదా చేసే ఈ పద్ధతి పాత ఇంజన్ల ఆయుష్షును పెంచుతోంది.