పెడల్ కంటే ముందు

బ్యాలెన్స్ బైక్ అంటే పెడల్, చైను లేని చిన్న సైకిల్. పిల్లలు సీటు మీద కూర్చుని, రెండు కాళ్లతో నేలని నెట్టుకుంటూ పోతారు. వేగం అందుకున్నాక కాళ్లు పైకెత్తి కాసేపు అలా జారిపోతారు. మా పాపకి రెండున్నరేళ్లు. తన కోసం ఒకటి చూద్దామని వెతికితే, అమ్మేవాళ్లంతా ఇదేదో ఈ కాలపు కొత్త ఆలోచన అన్నట్టు మాట్లాడుతున్నారు. నిజానికి సైకిళ్లన్నిటిలోకీ పాతది ఇదే. పుట్టింది 1817లో, అదీ పెద్దవాళ్ల కోసం. ఆ కథ చదివాక ఏ బండి కొనాలన్నది తేలిగ్గానే తేలింది. దాన్ని ఎక్కడ నడపాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.

కార్ల్ ఫాన్ డ్రైస్ జర్మనీలోని బాడెన్ సంస్థానంలో అటవీశాఖ అధికారి, పుట్టుకతో జమీందారీ బిరుదున్నవాడు. 1817 జూన్ 12న మన్‌హైమ్ నుంచి ష్వెట్సింగెన్ దారిలో తను చేసిన చెక్కబండి ఎక్కి బయల్దేరాడు. ఒకదాని వెనక ఒకటిగా రెండు చక్రాలు, మధ్యలో దూలం, దాని మీద సీటు, ముందు చక్రాన్ని తిప్పడానికి ఒక కర్ర. పోనూ రానూ సుమారు 14 కిలోమీటర్లు, గంట లోపే తిరిగొచ్చేశాడు. దానికి ఆయన పెట్టిన పేరు లౌఫ్‌మషీన్, అంటే పరుగు యంత్రం. 1818 జనవరిలో బాడెన్ ప్రభుత్వం దాని మీద ఆయనకి పదేళ్ల హక్కు ఇచ్చింది.

ఈ బండి ఎందుకు పుట్టిందనే దానికి ఒక ఆకర్షణీయమైన కథ ఉంది. 1815లో ఇండొనేషియాలో టాంబోరా అగ్నిపర్వతం పేలింది. ఆ ప్రభావంతో 1816లో యూరప్‌కి వేసవే రాలేదు. పంటలు పోయాయి, ఓట్ల ధర పెరిగింది, మేత లేక గుర్రాలు చచ్చాయి. అందుకే డ్రైస్ గుర్రం లేని బండి చేశాడని జర్మన్ చరిత్రకారుడు హాన్స్ ఎర్హార్డ్ లెస్సింగ్ వాదన. వినడానికి బాగుంటుంది కాబట్టే దీన్ని కాస్త జాగ్రత్తగా తీసుకోవాలి. చరిత్రకారులందరూ దీన్ని ఒప్పుకోలేదు. కరువుకీ బండికీ కాలం కలుస్తుంది గానీ, కాలం కలిసినంత మాత్రాన కారణం అయిపోదు.

నన్ను ఎక్కువగా ఆపింది ఇంకో విషయం. రెండు చక్రాలని ఒకే వరసలో పెట్టాలన్న ఆలోచన ఎంత సాహసమో మనకిప్పుడు అర్థం కాదు. నిలబెడితే పడిపోయే బండి నడిస్తే నిలబడుతుందని అప్పటికి ఎవరూ రోడ్డు మీద చూపించలేదు. డ్రైస్ బండిలో అసలు కిటుకు చక్రాల్లో కంటే ముందున్న ఆ కర్రలో ఉంది. కుడివైపు ఒరిగినప్పుడు చక్రాన్ని కుడికే తిప్పితే, బండి తన మనిషి కిందకి తిరిగి వచ్చేస్తుంది. సైకిల్ తొక్కే ప్రతివాడూ ఇదే చేస్తాడు, చేస్తున్నట్టు తెలియకుండానే. దీని వెనకున్న భౌతికశాస్త్రం మీద ఈ శతాబ్దంలో కూడా పరిశోధన నడుస్తూనే ఉంది. చక్రాలు గిర్రున తిరగడం వల్లే సైకిల్ నిలబడుతుందని చాలామంది నమ్మేవారు. ఆ ప్రభావాన్ని రద్దుచేసినా తనంతట తను నిలబడే బండిని కొందరు శాస్త్రవేత్తలు చేసి, 2011లో ‘సైన్స్’ పత్రికలో ఆ వివరాలు ప్రచురించారు. పడబోయే వైపుకే హ్యాండిల్ తిరగడం అక్కడా ముఖ్యమే.

పెడల్ రావడానికి మరో నలభై ఏళ్లకి పైగా పట్టింది. 1860లలో పారిస్‌లో ముందు చక్రానికి పెడళ్లు బిగించారు. పియెర్ లాల్మాకి అమెరికాలో పేటెంట్ వచ్చింది 1866లో. ఇంత ఆలస్యానికి కారణం పనిముట్లు లేకపోవడం కాకపోవచ్చు. తిప్పే పిడి అప్పటికే ప్రతి తిరగలికీ ఉంది. రెండు కాళ్లూ ఒకేసారి నేల వదలడానికి జనం భయపడి ఉంటారన్న వివరణ నాకు నచ్చింది. కష్టమైన పాఠం అదే కదా, పెడల్ తర్వాతి సంగతి.

మన ఊళ్లలో అద్దె సైకిల్ మీద నేర్చుకున్నవాళ్లని అడిగినా ఇదే చెబుతారు. పెద్దవాళ్ల సైకిల్, సీటు అందదు. ముందు ఎడమ కాలు పెడల్ మీద పెట్టి, కుడి కాలితో నేలని తన్నుకుంటూ కొన్నాళ్లు. బండి నిలబడటం వంటబట్టాక రాడ్ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం. సీటు మీదకి ఎక్కడం చిట్టచివర. డ్రైస్ పేరు కూడా వినని పిల్లలు, చరిత్ర నడిచిన వరసలోనే నేర్చుకున్నారు.

ఆ వరసని తిరగేసింది పక్క చక్రాలు. వెనక చక్రానికి అటూ ఇటూ బిగించిన ఆ బుల్లి చక్రాలు పడనివ్వవు, నిజమే. ఒరగనివ్వవు కూడా. ఒరగని బండి మీద పిల్లలు తొక్కడం నేర్చుకుంటారు గానీ, పడబోయే వైపుకి తిప్పడం నేర్చుకోరు. ఆ చక్రాలు విప్పిన రోజు మళ్లీ మొదటికి వస్తారు. 1997లో జర్మనీలోనే రోల్ఫ్ మెర్టెన్స్ అనే ఆయన తన కొడుకు కోసం పెడల్ లేని చెక్కబండి చేశాడు. లైక్ ఎ బైక్ పేరుతో అది మార్కెట్‌లోకి వచ్చింది. పదేళ్ల తర్వాత అమెరికాలో స్ట్రైడర్ వచ్చింది, అది కూడా ఓ తండ్రి తన కొడుకు కోసం చేసిందే. బ్యాలెన్స్ బైక్‌తో మొదలెట్టిన పిల్లలు పక్క చక్రాల పిల్లలకన్నా సగటున ముందే సైకిల్ నేర్చుకున్నారని పోర్చుగల్‌లో చేసిన ఒక సర్వే చెప్పింది. పెద్దవాళ్లు గుర్తుచేసుకుని చెప్పిన లెక్కలు కాబట్టి దాన్ని కొంత తగ్గించే చదవాలి. దిశ మాత్రం నమ్మదగ్గదే.

“పెడల్సే లేనిదానికి అంత డబ్బులా? మామూలు సైకిల్ కొని, పెడల్స్ విప్పేస్తే పోలా?” అన్నారు మా నాన్న. న్యాయమైన ప్రశ్నే. అయిదేళ్లు వచ్చిన పిల్లలకైతే అదే చేయొచ్చు, చాలామంది చేస్తారు కూడా. రెండున్నరేళ్లవాళ్లకి మాత్రం ఎత్తూ బరువూ అడ్డొస్తాయి. పాపని గోడకి ఆనించి నిలబెట్టి, కాళ్ల మధ్య పుస్తకం పెట్టి, నేల నుంచి దాని అంచు దాకా కొలవాలి. సీటు అంతకంటే రెండు మూడు సెంటీమీటర్లు కిందకి దిగాలి, అప్పుడే పాదాలు పూర్తిగా ఆని మోకాళ్లు కొంచెం వంగుతాయి. బండి బరువు పిల్ల బరువులో మూడో వంతు మించకూడదని ఒక మోటు లెక్క. డ్రైస్ బండి సుమారు 22 కిలోలు. డెబ్బై కిలోల మనిషికి అదీ మూడో వంతు లోపే! మా పాప పన్నెండు కిలోలు, కాబట్టి నాలుగు కిలోల లోపు చూసుకోవాలి. ఫోమ్ టైర్లకి పంక్చర్ బాధ లేదు, తేలిక కూడా. గతుకుల మీద గాలి టైర్లు మెత్తగా పోతాయి, పట్టూ ఎక్కువ. ఈ వయసులో చేతి బ్రేకు పెద్దగా పనికిరాదు, వేళ్లకి అంత బలం ఉండదు, బ్రేకులు కాళ్లే. హెల్మెట్ మాత్రం మొదటి రోజు నుంచీ ఉండాల్సిందే.

ఇక అసలు చిక్కు. డ్రైస్ బండిని ఓడించింది దాని లోపాలు కావు, రోడ్లు. బగ్గీలు తిరిగి తిరిగి గాడులు పడ్డ వీధుల్లో రెండు చక్రాల బండి నడవదు. దాంతో నడిపేవాళ్లు ఫుట్‌పాత్ ఎక్కారు, పాదచారులు గొడవ చేశారు. 1817 డిసెంబర్ నాటికే మన్‌హైమ్‌లో ఫుట్‌పాత్‌ల మీద దీన్ని నిషేధించారు. లండన్‌లో డెనిస్ జాన్సన్ అనే బగ్గీల తయారీదారు దీన్ని మెరుగుపరిచి, 1819లో మూడు వందలకి పైగా చేశాడు. నేర్పడానికి బడులు కూడా పెట్టాడు. కుర్రకారు ఎగబడ్డారు, కార్టూనిస్టులు ఆడుకున్నారు, కీట్స్ కూడా ఆ మార్చిలో రాసిన ఉత్తరంలో దీన్ని తేలిగ్గా తీసిపారేశాడు. తర్వాత జరిమానాలు మొదలయ్యాయి, మోజు పోయింది. దీన్ని నిషేధించిన నగరాల జాబితాలో మిలన్, న్యూయార్క్‌లతో పాటు కలకత్తా కూడా కనిపిస్తుంది.

డ్రైస్ చివరి రోజులూ బాగా సాగలేదు. 1849 విప్లవంలో ప్రజాస్వామ్యవాదుల పక్షాన నిలబడి పేరులోంచి ‘ఫాన్’ తీసేశాడు. విప్లవం అణిగాక పెన్షన్ లాగేసుకున్నారు. 1851లో కార్ల్స్‌రూహెలో పేదవాడిగా పోయాడు.

మేముండేది హైదరాబాద్‌లో, అపార్ట్‌మెంట్‌లో. సెల్లార్ నిండా కార్లు. బయట ఫుట్‌పాత్ అన్నది ఉన్నచోట దాని మీద ట్రాన్స్‌ఫార్మరో, టిఫిన్ బండో, పార్క్ చేసిన బైకులో ఉంటాయి. టిఫిన్ బండివాళ్లని తప్పు పట్టలేం, వాళ్లకీ ఇంకో చోటు లేదు. కాలనీ పార్కు గేటుకి సైకిళ్లు తేవద్దని బోర్డు ఉంది. రెండు వందల ఏళ్ల కిందట మన్‌హైమ్ పెద్దలు వేసిన ప్రశ్నే ఇక్కడా ఉంది: కాలినడకకీ బగ్గీకీ మధ్యనున్న ఈ బండిది ఏ చోటు? అప్పుడు నిషేధం పెట్టి తప్పించుకున్నారు. ఇప్పుడు మనం బోర్డు పెట్టి తప్పించుకుంటున్నాం.

బండి ఆర్డర్ పెట్టాను, గాలి టైర్లది. ఆదివారాలు ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా సెల్లార్‌లో ఒక వరస కార్లు బయట పెట్టుకోమని అసోసియేషన్‌కి ఉత్తరం రాశాను. మా ఫ్లోర్‌లోనే ఆరుగురు పిల్లలున్నారు, వాళ్ల అమ్మానాన్నల సంతకాలు కూడా తీసుకున్నాను. వచ్చే మీటింగ్‌లో చర్చకి పెడతామన్నారు.